ఇల్లూ వాకిలీ: గాజుతొట్టిలో సముద్రం

కుసుమంచి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరమే వ్రాశారు. సెలవుల్లో హైదరాబాదు వెళ్లి, బంధువుల ఇంట సముద్రపు చేపల తొట్టి చూసి వచ్చింది మొదలు పిల్లలిద్దరికీ అదే ధ్యాసట. "మామూలు చేపల తొట్టి మాకు ఉన్నదే. వాళ్లకు అది చాలదట. రాళ్ల మీద పువ్వుల్లాగా పగడాలు ఊగుతూ, మధ్యన నారింజరంగు చేపలు తిరిగే తొట్టి కావాలట. మా ఊళ్లో ఇది సాధ్యమేనా? బందరు నుంచి సముద్రపు నీళ్లు డబ్బాల్లో తెప్పించుకోవచ్చునా? పగడాలు ఎక్కడ కొనాలి?" అని అడిగారు.

ఇటువంటివే ఇంకా కొన్ని ఉత్తరాలు వచ్చి ఉన్నాయి గనుక ఈ వారం శీర్షిక అంతా దీనికే కేటాయిస్తున్నాను. తొట్టి సాధ్యమే. నీళ్లు తెప్పించుకోవద్దు. పగడాలు కొననే వద్దు. కారణాలు చెబుతాను, కాస్త ఓపికపట్టండి. ఈ వ్యవహారంలో మొదట కావలసింది ఓపికే, డబ్బు ఆ తరవాత.

సముద్రానికి దూరంగా ఉండటం పెద్ద అడ్డంకేమీ కాదు. 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషావిడ టార్కీ సముద్రతీరం నుంచి పగడపు ప్రాణులను జాడీలో పెట్టి లండనులోని తన ఇంటికి తెచ్చుకుంది. అప్పట్లో నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు ఎక్కడివి? ఆవిడ ఇంటి పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, అరగంటో ముప్పావుగంటో ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, టీ తిరగబోసినట్లు పోస్తూ ఉండేదట. ఆ ప్రాణులు బతికాయి. చరిత్రలో అమ్మగారి పేరు నిలిచింది గాని పనిమనిషి పేరు నిలవలేదు.

బందరు నీళ్ల సంగతి చూద్దాం. దాదాపు రెండువందల కిలోమీటర్లు డబ్బాల్లో ప్రయాణం చేసేసరికి ఆ నీటిలోని కంటికి కనబడని ప్రాణులు చచ్చి కుళ్లటం మొదలెడతాయి. పైగా కృష్ణ సముద్రంలో కలిసే చోటు బందరుకు దగ్గరే. వరదల రోజుల్లో ఆ తీరపు నీటిలో ఉప్పు తగ్గి ఒండ్రు పెరుగుతుంది. మీ ఊరి పక్కన పాలేటి నీళ్లు, ఖమ్మాన్ని ఒరుసుకుని పారే మున్నేటి నీళ్లు కృష్ణలో కలిసి చివరికి చేరేది అక్కడికే. అంటే కుసుమంచి చేల ఎర్రమట్టి కూడా కొంత ఆ సముద్రంలో ఉన్నదన్నమాట! భద్రాచలం మీదుగా పోయే గోదావరి సంగతి వేరే చెప్పనక్కరలేదు. పగడాలకు తేటనీరు, నిలకడైన ఉప్పు, లోపలిదాకా దిగే ఎండవెలుతురు కావాలి. అంచేతనే ఇంత పొడవైన కోస్తా ఉండి కూడా మనకు లక్షద్వీపాల్లో, అండమానులో, మన్నారు సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో ఉన్నటువంటి పగడపు దిబ్బలు లేవు.

సముద్రపు నీటిని ఇంట్లోనే కలుపుకోవాలి. అయితే వంటింటి రాళ్లుప్పు దీనికి పనికిరాదు. ఎందుకు పనికిరాదో నౌపడా, చినగంజాం ఉప్పుమళ్లు చూసినవారికి సులువుగా అర్థమవుతుంది. మడిలో సముద్రపు నీరు ఎండుతూంటే మొదట సున్నపు పదార్థాలూ జిప్సమూ అడుగుకు దిగిపోతాయి. తరవాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం వగైరాలు చేదునీటిలో మిగిలిపోతాయి, ఆ నీటిని పారబోస్తారు. సముద్రంలోని ఒక్క భాగం మాత్రమే మన ఇంటికి వస్తున్నది. వంటకు అదే మేలు, చేపకూ రొయ్యకూ మాత్రం అది చాలదు. పొట్లాల ఉప్పులో పైగా అయొడినూ, గడ్డకట్టకుండా ఉండే మందూ కలిపి ఉంటాయి. కాబట్టి ఈ తొట్లకోసమనే తయారుచేసి అమ్మే ఉప్పు కొనుక్కోవలసిందే. లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్క; ఉప్పుకు చెమ్మ తగిలి ఉంటే కొంచెం ఎక్కువ పడుతుంది. కలిపిన నీటి చిక్కదనం హైడ్రోమీటరుతో చూసుకోండి. 1.025 దగ్గర నిలవాలి. పాలలో నీళ్లెన్నో పట్టిచ్చే లాక్టోమీటరుకు ఇది తోబుట్టువే.

ఉప్పు కలపటానికి బోరునీళ్లు వాడకండి. మీ వైపు నీళ్లు కఠినం, కొన్ని ఊళ్లలో ఫ్లోరైడు, నైట్రేటు కూడా ఉంటాయి. ఆర్.ఓ. యంత్రంలో వడకట్టిన నీరు కావాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. ఇళ్లలో వాడే యంత్రాలు చాలావాటిలో రుచికోసమని ఖనిజాలు మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది. కలవకముందు నీటిని పట్టుకోవాలి. టి.డి.ఎస్. మీటరు పెట్టి చూస్తే 10 లోపుగా ఉంటే మంచిది. వాటరు ప్లాంటు డబ్బాలైనా సరే, మీటరు పెట్టి చూడకుండా తీసుకోకండి.

ఇంకొక మాట. నీళ్లు పట్టటానికీ ఉప్పు కలపటానికీ రాగి బిందెలు, ఇత్తడి గంగాళాలు వాడకూడదు. మనకు ఆరోగ్యమని రాగిచెంబులో నీళ్లు తాగుతాం. ఆ రాగి రవంత కలిసినా రొయ్యలూ నత్తలూ ప్రాణాలు విడుస్తాయి. ఈ పనికంటూ ఒక ప్లాస్టిక్ తొట్టి విడిగా పెట్టుకోండి. దానిలో సబ్బు పడనీయకండి.

తొట్టి ఎంత ఉండాలి? చిన్నదైతే చవక, సులువు అని అందరూ అనుకుంటారు. చవక నిజమే, సులువు మాత్రం కాదు. గిన్నెడు చారులో చిటికెడు ఉప్పు ఎక్కువైతే నోట పెట్టుకోలేం. గంగాళం చారులో అదే చిటికెడు ఎవరికీ తెలియదు. మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి నిండా పోస్తే సుమారు 190 లీటర్లు పడుతుంది. ఇసుకా రాళ్లూ పోను 160 లీటర్ల నీరు అనుకోండి. గాజు, రాళ్లు, నీరు అంతా కలిపి పావు టన్ను బరువు. కాబట్టి నేల మీద గట్టి ఇనుపబల్ల వేసి, ఎండ తగలని గోడవారగా పెట్టండి. వరండా వద్దు.

ఈ తొట్టిలో నీటిమట్టం రోజుకు అర సెంటీమీటరు తగ్గితే రెండు లీటర్లు ఆవిరైపోయినట్లు. పోయేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. పదిరోజులు పట్టించుకోలేదంటే 160 లీటర్లు 140 అవుతాయి; లీటరుకు 35 గ్రాముల ఉప్పు 40 గ్రాములవుతుంది. అది చూసి 'తగ్గింది కదా' అని మళ్లీ ఉప్పునీరే పోసేవారు ఉంటారు. పోయవలసింది మంచినీరు, అదే ఆర్.ఓ. నీరు. గాజు మీద పెన్సిలు పట్టీ అతికించి గీత గీసి, రోజూ పొద్దున్నే కాఫీ వేళకు ఆ గీతదాకా నింపండి. ఈ ఒక్క అలవాటు పిల్లలకు అప్పగించవచ్చు. చక్కగా చేస్తారు.

నీళ్లు పోసిన మరునాడే చేపలు తెచ్చి వదలటం కన్నా పాపం లేదు. చేప విసర్జించేదంతా అమ్మోనియా. సముద్రంలో ఒక జాతి సూక్ష్మక్రిములు దాన్ని నైట్రైటుగా, ఇంకో జాతి దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. మూడోది అంత చెరుపు చేయదు. కొత్త తొట్టిలో ఈ క్రిములు ఉండవు. పాలను తోడుపెట్టినట్లే నీటిని కూడా తోడుపెట్టాలి. బాగా నడుస్తున్న సముద్రపు తొట్టి ఉన్నవారిని అడిగి ఒక దోసెడు ఇసుకో, ఒక రాతిముక్కో తడి ఆరకుండా తెచ్చుకుంటే అదే మేలైన తోడు. క్రిములకు ఆహారంగా ఉప్పూకారం తగలని పచ్చిరొయ్య ముక్క ఒకటి గుడ్డలో కట్టి వేలాడదీయండి. కొద్దిరోజులకు అమ్మోనియా లేచి, తగ్గి, నైట్రైటు లేచి, అదీ తగ్గుతుంది. రెండూ సున్నాకు వచ్చేదాకా పరీక్షల పెట్టెతో చూస్తూ ఉండాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుకోవటానికి ఒక రాత్రి ఆగుతాం. సముద్రం తోడుకోవటానికి నెలన్నర ఆగలేమా? ఈ నెలన్నరా పిల్లలు 'చేపలేవీ?' అని ప్రాణం తీస్తారు. లొంగకండి.

అసలు చిక్కు ఎండాకాలంలో ఉంది. ఈ ప్రాణులకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. ఖమ్మం వైపు 45 డిగ్రీలు దాటిన వేసవులు ఉన్నాయి. నీరు వెచ్చబడేకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. ఉప్పునీటిలో అసలే తక్కువ: 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 8.3 మిల్లీగ్రాములు పడితే, సముద్రపు నీటిలో 6.8 మాత్రమే. అందుకని వేసవి రాత్రుళ్లు చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. తొట్టిని చల్లబరిచే యంత్రాలు ఉన్నాయి గాని తరచు తొట్టికన్నా దాని ధరే ఎక్కువ. కూజా నీళ్లు చల్లబడే సూత్రమే దీనికీ పనికివస్తుంది. మూత తీసి వల కప్పి, నీటి మీదుగా ఒక చిన్న పంకా తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. వడగాడ్పుల పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. వానాకాలపు ముసురులో కూజా ఎలా పనిచేయదో పంకా కూడా అలాగే పనిచేయదు. పంకా తిరిగినకొద్దీ నీరు త్వరగా ఆవిరవుతుంది, పైన చెప్పిన గీత మరిచిపోకండి. మే నెలలో ఆ గదిలోనే ఎ.సి. ఉంటే చాలావరకు గండం గడిచినట్లే.

కరెంటు పోతే ఏమిటి? నీరు కదలకపోతే కొద్దిగంటల్లో చేపలకు ఊపిరాడదు, తోడుపెట్టిన క్రిములు కూడా చస్తాయి. ఇన్వర్టరుకు నీళ్ల పంపునైనా కలపాలి, లేదా బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి సిద్ధంగా ఉంచాలి. ఈ రెండింటిలో ఏదీ వీలుకాదనుకునేవారు దయచేసి ఈ పని పెట్టుకోవద్దు. ఉన్న మంచినీటి తొట్టినే ముచ్చటగా చూసుకోండి. అది తక్కువరకం వినోదమేమీ కాదు. పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రమే ఉన్న చోట మీరున్నారాయె.

ఇక పగడాల మాట. పిల్లలకు పువ్వుల్లా కనబడినవి పువ్వులు కావు, రాళ్లూ కావు. ఒక్కొక్కటి వేలాది చిన్న జీవుల కాపురం. ఆ జీవి నీటిలోని సున్నాన్ని తీసుకుని తన కింద తానే రాతిగూడు కట్టుకుంటుంది. దాని ఒంట్లో ఇంకా చిన్న నాచుజీవులు అద్దెకుంటాయి. అవి ఎండలో వంటచేసి ఇంటి యజమానికి సింహభాగం పెడతాయి. నీరు మామూలు వేసవి వేడిమికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచిందంటే ఈ పొత్తు చెడుతుంది. నాచుజీవులు వెళ్లిపోతాయి, పగడం రంగుపోయి ఎముకలా తెల్లబడి, త్వరగా చల్లబడకపోతే ఆకలితో చస్తుంది. 1998లోను, 2010లోను, 2016లోను మన లక్షద్వీపాల్లో, మన్నారు సింధుశాఖలో ఇదే జరిగింది. ప్రపంచం మొత్తం మీద ఇటువంటి విపత్తు నాలుగోసారి నడుస్తున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

మనుషులు చేసింది కూడా తక్కువేమీ కాదు. మన్నారు సింధుశాఖలో ఏళ్ల తరబడి పగడపు రాళ్లు తవ్వి సున్నానికి వాడారు. అక్కడి 21 దీవుల్లో రెండు నీటమునిగి పోయాయి. ఇదంతా చూసి ప్రభుత్వం 2001లో దిబ్బలు కట్టే రాతిపగడాలన్నిటినీ, నల్లపగడాన్ని, నిప్పుపగడాన్ని, సముద్రపు విసనకర్రలను, వాటితోపాటు సముద్రపు గుర్రాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులి ఉన్నది కూడా ఆ షెడ్యూలులోనే. మన సముద్రాల్లోంచి తీసిన రాతిపగడాన్ని కొనటం, అమ్మటం, ఇంట్లో ఉంచుకోవటం నేరం. శిక్ష మూడేళ్లనుంచి ఏడేళ్ల వరకు. దుకాణంవాడు 'ఏం ఫరవాలేదండీ, అందరూ కొంటున్నారు' అంటాడు. పులిపిల్లను అలాగే అమ్మితే కొంటామా? విదేశీ సరుకు అంటే, రాతిపగడాలకు అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అనుమతి పత్రాలుండాలి. ఆ పత్రాలు చూపించమనండి. మాట మారుస్తాడు.

ఇంతలో కొందరు సోదరీమణులకు తమ మెడలోని నల్లపూసలూ పగడాలూ గుర్తుకువచ్చి ఉంటాయి. గాభరా పడకండి. ఆభరణాల ఎర్రపగడం వేరే జాతి. పూర్వం నుంచీ పేరుపడ్డది మధ్యధరా సముద్రంలోనిది. దిబ్బలు కట్టే జాతి కాదు.

చట్టం సంగతి అలా ఉంచినా, కుసుమంచి ఎండల్లో సొంతంగా పగడం బతికించటం మొదటి ఏడాది వారికి అసాధ్యమనే నా అభిప్రాయం. దానికి కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైన ఉండాలి, మెగ్నీషియం 1300 దగ్గర, క్షారత నిలకడగా, దీపం ప్రత్యేకంగా. ఇందులో ఏది తప్పినా చచ్చేది వందేళ్లయినా బతకగల ప్రాణి. పగడం లేకపోతే ఖరీదైన దీపాలతో కూడా పనిలేదు. మామూలు దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలును.

అయితే దిబ్బ లేకుండా తొట్టి బోసిగా ఉండదా? దిబ్బను మనమే కడదాం. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు నలగ్గొట్టిన ఆల్చిప్పలు, రెండు పాళ్లు రాళ్లుప్పు కొద్దినీటితో ముద్దచేసి, తడి ఇసుకలో గుంటలు తీసి పోయండి. వేళ్లతో కన్నాలు, గుహలు, చూరులు చేయండి. రెండు రోజులకు గట్టిపడుతుంది. తరవాత నీళ్లతొట్టిలో నానేస్తే ఉప్పు కరిగిపోయి రాయంతా జల్లెడలా తయారవుతుంది. ఆ కన్నాల్లోనే మన తోడుక్రిములు కాపురం పెట్టేది. ఊళ్లో దొరికే నల్లరాయి ఎంత నున్నగా ఉన్నా అందుకే దీనికి సాటిరాదు. సిమెంటు సున్నం దిగేదాకా రెండు మూడు రోజులకొకసారి నీరు మారుస్తూ ఆరు నుంచి ఎనిమిది వారాలు నాననివ్వాలి. నానేసిన నీటి పి.హెచ్. 8.5కు దిగువన నిలిచిన తరవాతనే తొట్టిలో పెట్టాలి. ఏడాది తిరిగేసరికి దాని మీద ఊదారంగు సున్నపు నాచు అల్లుకుంటుంది. తెలియనివారు పగడమనే భ్రమిస్తారు.

చేపల్లో, మీ పిల్లలు చూసిన నారింజరంగు చేప క్లౌను చేప. అదృష్టవశాత్తూ దీన్ని సముద్రంలోంచి పట్టనక్కరలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు విళింజం, మండపం కేంద్రాల్లో గుడ్డునుంచీ పెంచే పద్ధతులు రూపొందించారు. కొనేటప్పుడు 'హేచరీలో పుట్టినదా?' అని అడగండి. ఆగ్నేయాసియా దిబ్బల్లో సయనైడు చల్లి, మత్తెక్కించి పట్టిన చేపలు పైకి బాగానే కనబడి వారాల్లో చస్తూ ఉంటాయి. హేచరీ చేపకు ఆ బాధ లేదు, మనం వేసే మేతా దానికి అలవాటే. సముద్రపు పువ్వు లేకపోతే క్లౌను బతకదనేది వట్టిమాట. పువ్వును పెంచటమే కష్టం, చేపను కాదు.

ఈ చేపల సంసారం విచిత్రమైనది. అన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో పెద్దది ఆడది అవుతుంది. ఇంట్లో పెత్తనమంతా దానిదే. అది పోతే భర్త ఆడదిగా మారుతుంది. గుడ్లకు విసరటం, కాపలా కాయటం నాన్నగారి పని. రెండు చిన్నవాటిని ఒకేసారి కొంటే ఎవరు అమ్మో ఎవరు నాన్నో అవే తేల్చుకుంటాయి. 160 లీటర్లకు రెండు క్లౌనులు, మరో రెండు చిన్న చేపలు, రెండు రొయ్యలు, నాలుగు నత్తలు. అంతకు మించవద్దు. అన్నీ ఒక్కరోజే కాక, పక్షానికి ఒకటి చొప్పున చేర్చండి.

మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినగలిగినంత. అతిథికి కొసరి వడ్డించే అలవాటు ఇక్కడ పనికిరాదు. మిగిలిన మేతంతా మళ్లీ అమ్మోనియానే. బెల్లం పాకంలో తేలే మురికిని గరిటెతో తీసినట్లు నురుగుతో మలినాన్ని తీసే ప్రోటీన్ స్కిమ్మరు అనే పరికరం ఉంటుంది. యంత్రాలన్నిటిలో ఖర్చుకు తగ్గది ఇదే. వారానికొకసారి ఒక బిందెడు, అంటే సుమారు 16 లీటర్లు, పాతనీరు తీసి, ముందురోజే కలిపి ఉంచిన కొత్తనీరు పోయాలి. తీసిన నీటిని తులసికోటలోనో నిమ్మపాదులోనో పోయకండి, మొక్క మాడిపోతుంది. తొట్టి ఉన్న గదిలో దోమల మందు చల్లకూడదు. గాలిపంపు ఆ గాలినే పీల్చి నీటిలోకి పంపుతుంది. కరెంటు తీగలను సాకెట్టుకన్నా కిందికి వేలాడేలా మలిచి పెడితే, తీగవెంట జారిన ఉప్పునీరు సాకెట్టులోకి పోకుండా కిందనే రాలిపోతుంది. చేయి పెట్టేముందు స్విచ్చి తీయటం పిల్లలకు మొదటిరోజే నేర్పండి.

పండక్కి పుట్టింటికి వెళ్లేటప్పుడు మేత డబ్బా పొరుగింటివారి చేతికి ఇవ్వకండి. వారిది మంచి మనసే, అదే ప్రమాదం. రోజుకొకటి చొప్పున చిన్న పొట్లాలు కట్టి, మీద తేదీ వ్రాసి ఇవ్వండి. పక్కన మూత పెట్టిన ఆర్.ఓ. నీళ్ల డబ్బా ఉంచి, గాజు మీది గీత చూపించండి. నాలుగు రోజులకే వెళుతూంటే పొట్లాలు కూడా వద్దు. ఆరోగ్యంగా ఉన్న చేప అన్ని రోజులు పస్తుండగలదు, నీళ్లు మాత్రం పోయమని చెప్పి వెళ్లండి.